ఆరు కంటే చిన్నదైన పది

ఆ రోజు సాయంత్రం ఆరు గంటలకు సర్పంచ్ ఫోన్ చేసి, "పెద్దయ్య నీకు ఫోన్ చేసిండంట గద సారూ, నువ్వేమన్నవ్?" అని అడిగింది. "సిగ్నల్ సక్కగ లేదమ్మా, ఏమన్నడో ఇనబడలే" అన్నాను.

వినబడింది. ఖమ్మంలో మా ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర నిలబడి ప్రతి మాటా విన్నాను, జవాబు కూడా చెప్పాను. ఆ జవాబు వల్లే ఆరుగురు వరినాట్ల కూలీలున్న ఆటో వాగులో కొట్టుకుపోయింది. సర్పంచ్‌తో ఆ మాట అనే సమయానికి తప్పు ఎవరిదో నాకు పూర్తిగా తెలుసు. తెలిసీ అన్నాను. ఆ ఒక్క వాక్యంతో డెబ్బై ఏళ్లు దాటిన ఒక మనిషిని ఆయన ఊళ్లోనే అబద్ధాలకోరును చేశాను.

నేను చేసే పని గురించి కొంచెం చెప్పాలి. మాది వాగుల మీదా, చెరువుల మీదా సెన్సర్లు పెట్టి హెచ్చరికలు పంపే చిన్న ఆఫీసు. సెన్సర్ పది నిమిషాలకొకసారి నీటిమట్టం ఎంతుందో కబురు పంపుతుంది. కబురు వచ్చినప్పుడల్లా ఒక చిన్న సూత్రం దాన్ని చూసి, అవును అనో కాదు అనో తేలుస్తుంది. అవును అంటే ఊళ్లో సైరన్ మోగి, ఫోన్లకు మెసేజ్ వెళ్తుంది. ఆ సూత్రాలు రాసేది నేను.

సూత్రాలు రాసే భాష చాలా చిన్నది. అందులో విలువలు నాలుగైదు రకాలే. సంఖ్య ఒక రకం. అక్షరాల వరుస ఇంకో రకం, దాన్ని కొటేషన్ల మధ్య పెట్టాలి. అవును, కాదు అనేవి ఒక రకం. నిమిషాలనూ గంటలనూ చెప్పే కాలం ఒకటి. కబురే రాకపోతే దాని చోట నిలబడే ఖాళీ ఒకటి. ఏ విలువ ఏ రకమో రాసేవాడే తేల్చి చెప్పాలి, భాష ఊహించుకోదు. 6 అని రాస్తే అది సంఖ్య. '6' అని రాస్తే అది ఆరులా కనిపించే ఒక అక్షరం మాత్రమే. చూసే కంటికి రెండూ ఆరే.

సంఖ్యలైతే ఏది పెద్దదో ఆ భాషకు తెలుసు. అక్షరాలైతే నిఘంటువులో మాటలను వరుస పెట్టినట్టు పోలుస్తుంది. మొదటి అక్షరం దగ్గరే తేలిపోతే రెండోదాని దాకా పోదు. '10'ని '6' పక్కన పెడితే, ఒకటి ఆరు కంటే ముందొస్తుంది కాబట్టి పది చిన్నదని చెబుతుంది. దానికి తెలిసిన న్యాయం ప్రకారం అది నిజమే.

ఈ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. అందుకే ఎవరి దగ్గరా సాకు చెప్పుకోలేను.

కొన్నేళ్ల కిందట గోదావరి ఒడ్డు ఊళ్ల కోసం మొదటి సూత్రం రాశాను. భద్రాచలం వైపు నదిని అడుగుల్లోనే చెబుతారు. వానాకాలంలో బస్సులో పక్క సీటు మనిషిని పలకరిస్తే పేరు కంటే ముందు "ఎన్ని అడుగులుందంట?" అని అడుగుతాడు. నలభై మూడుకు మొదటి హెచ్చరిక, నలభై ఎనిమిదికి రెండోది, యాభై మూడుకు మూడోది. నేను రాసిన సూత్రాన్ని భాష మొదటిసారి ఒప్పుకోలేదు. సెన్సర్ నుంచి వచ్చేది అక్షరాల వరుస, నువ్వు పోలుస్తున్నది సంఖ్యతో, ఈ రెంటికీ పోలిక కుదరదు అని ఎర్రటి గీత గీసి చూపించింది. చేయాల్సిన పని తేలిక. వచ్చినదాన్ని ముందు సంఖ్యగా మార్చాలి. అందుకు ఇంకో రెండు పేజీలు చదవాలి. నాకు ఇంటికి పోవాలని ఉంది. 43కు అటూ ఇటూ కొటేషన్లు తగిలించాను. ఎర్ర గీత పోయింది. అది నాకు సాయం చేయబోతే నోరు మూయించాను.

ఆ సూత్రం ఏళ్ల తరబడి బాగానే పనిచేసింది. మేం దాన్ని నడిపింది వానాకాలం నెలల్లోనే, ఆ నెలల్లో అక్కడ మాకు వచ్చిన మట్టాలన్నీ రెండంకెలవే. రెండంకెల వాటిని రెండంకెల వాటితో పోల్చినంత కాలం అక్షరాల వరుసా, సంఖ్యల వరుసా ఒకేలా నడుస్తాయి. నది పెద్దది కావడం వల్ల నా తప్పు దాగింది. అదే సూత్రాన్ని తీసుకొచ్చి అడవిలో ఒక వాగుకు పెట్టాను. వాగు మూడు అడుగుల నుంచి మొదలవుతుంది.

ఆ వాగు మీద లోలెవల్ చప్టా ఉంది. అవతల ఊరు, ఇవతల రోడ్డు. చప్టాకు అడ్డంగా పెట్టే ఒక వెదురు గడ ఉంటుంది. గడ కిందికి ఉంటే ఎవరూ దాటరు. తొలి వరదకు ముందు ఆ ఊరివాళ్లు వాగుకు కోడినిచ్చి మొక్కి, అందరూ చూస్తుండగా ఒక మనిషి చేతికి గడ ఇస్తారు. పెద్దయ్య చేతికి ముప్పై ఏళ్లకు పైగా ఇస్తున్నారు, అంతకు ముందు ఆయన తండ్రి చేతికి ఇచ్చేవాళ్లు. అది ఉద్యోగం లాంటిది కాదు. నీళ్ల విషయంలో ఈ మనిషి మాట తప్పు కాదు అని ఊరు చెప్పడం.

సెన్సర్ బిగించడానికి వెళ్లిన రోజు పెద్దయ్యే దారి చూపించాడు. చప్టాకు మూడు కిలోమీటర్ల ఎగువన, గుట్టల మధ్య పెట్టాం. అక్కడ పెరిగిన నీళ్లు చప్టాకు రావడానికి ముప్పావు గంటకు పైనే పడుతుంది. హెచ్చరిక ముందే రావాలన్నది లెక్క.

"ఇక్కడ ఎక్కువల ఎక్కువ ఎంత వస్తది పెద్దయ్యా?" అని అడిగాను.

"రెండు నిలువులు."

"అడుగులల్ల చెప్పు."

"అడుగులు నాకేమెరుక? మనిషి మీద మనిషి నిలబడితె పైనోని తల మునుగుతది. సూసిన నేను."

ముసలివాళ్లకు వాన ఎప్పుడూ పెద్దదే అనుకున్నాను. మట్టం ఆరు దాటితే సైరన్ అని రాశాను. పరీక్షకు మట్టం ఐదని పెట్టి చూశాను, మోగలేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది పెట్టి చూశాను, మోగింది. ఆయన మాట నమ్మి ఉంటే పది కూడా పెట్టేవాడిని. అక్కడితో ఆపేశాను. దానికింద ఇంకో వరుస రాశాను. మోగిన సైరన్, వరుసగా మూడు కబుర్లలో మట్టం ఆరు లోపు ఉంటే ఆగిపోవాలి. ఫోన్లకు 'నీరు తగ్గింది, దాటవచ్చు' అని వెళ్లాలి.

వచ్చేటప్పుడు పెద్దయ్యతో అన్న మాట కూడా గుర్తుంది. "ఇగ నీకు పని తక్కువ పెద్దయ్యా. కండ్లు కనబడకున్నా పర్లేదు, ఫోన్ చెప్పినట్టు చెయ్."

ఆయన నవ్వాడు. "నా కండ్లకేమైంది సారూ? నీ చెప్పుకు బురద అంటింది, ఈడికెల్లి కనబడుతున్నది."

ఆ రోజు చప్టా దగ్గర చినుకు లేదు. గుట్టల మీద పడింది. ఎగువ మట్టం ఏడు, ఎనిమిది, తొమ్మిది అయింది. సైరన్ మోగింది, పెద్దయ్య గడ దించాడు. నాట్లు ముగించుకుని ఆటోలో ఊరికి పోతున్న ఆరుగురు ఆడవాళ్లు ఇవతలే ఆగిపోయారు. చప్టా మీద నీళ్లు మడమల దాకా కూడా లేవు. "గీ నీళ్లకేందే తాతా, మా కాలి పట్టీలు గూడ తడువయ్" అని వాళ్లు ఎగతాళి చేశారట. తర్వాత ఎగువ మట్టం పది దాటింది. పదీ పాయింటు ఒకటి, పదీ పాయింటు రెండు, పదీ పాయింటు నాలుగు. నా సూత్రానికి ఆ మూడూ ఆరు కంటే చిన్నవే. సైరన్ ఆగింది. దాటవచ్చు అని మెసేజ్ వెళ్లింది.

పెద్దయ్య గడ ఎత్తలేదు. నాకు ఫోన్ చేశాడు.

"సారూ, ఫోన్ల పొమ్మని వచ్చిందంటున్నరు. కని వాగుల పచ్చాకులు వస్తున్నయ్."

"అయితే ఏందే?"

"ఎండాకులొస్తె వాన. పచ్చాకులొస్తె పైన చెట్లు కోసుకుంట వస్తున్నట్టు. నీళ్లు గూడ ఎర్రబడ్డయ్. వీళ్లేమొ ఆగుతలేరు. ఏం జెయ్యమంటవ్?"

నా చేతిలో టీ ఉంది. పైన, ఒక్క అంతస్తు మెట్లెక్కితే, నా టేబుల్ మీద మట్టాలన్నీ కనిపిస్తాయి. ఎక్కలేదు.

"మెసేజ్ వచ్చింది గద పెద్దయ్యా. గడ లేపు. పోనియ్ వాళ్లను."

ఆయన "నువ్వంటె లేపుత" అన్నాడు.

ఆటో చప్టా మధ్యకు వచ్చేసరికి వరద వచ్చింది. ఆడవాళ్లు చప్టా అంచున పాతిన రాతి గుంజలను కరుచుకున్నారు. పెద్దయ్య ఆ వెదురు గడనే పట్టుకుని నడుముల్లోతు నీళ్లలోకి దిగి, దాని కొసను ఒక్కొక్కరికీ అందిస్తూ ఆరుగురినీ, ఆటో అతన్నీ ఒడ్డుకు లాగాడు. ఒకామెకు చెయ్యి విరిగింది. ఆటో దిగువన చెట్లలో చిక్కుకుంది. ప్రాణాలు పోలేదు. అది ఆయన వల్ల, నా వల్ల కాదు.

నాలుగున్నరకు ఊరి వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. పైకి పరిగెత్తి మట్టాలు తెరిచాను. పదీ పాయింటు ఒకటి అన్న వరుస చూడగానే నా కొటేషన్లు గుర్తొచ్చాయి. వెతకాల్సిన అవసరం రాలేదు. వెంటనే ఆ వాగుకు దాటవచ్చు అనే మెసేజ్ ఆపేశాను. చేసిన మంచి పని అదొక్కటే. గంటన్నర తర్వాత సర్పంచ్ ఫోన్ వచ్చింది, ఇనబడలే అన్నాను.

ఆమె నిట్టూర్చింది. "అట్లనా. ముసలాయన నిన్ను అడిగే లేపిన అంటుండు. ఊళ్లె జనమేమొ ఇప్పసారా తాగి లేపిండంటున్నరు. సంత నాడు కూసుంటం. గడ ఆయన చేతుల ఉంచుడా తీసుడా తేల్చాలె."

సంతకు నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ నేను ఏమీ చేయలేదు. మధ్యలో ఆదివారం వచ్చింది. మా చర్చిలో అందరితో కలిసి నిలబడి తలంపుల్లోనూ మాటల్లోనూ క్రియల్లోనూ తప్పు చేశామని గట్టిగా చెప్పాను. ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాను. అందరూ ఒకేసారి చెప్పే ఒప్పుకోలులో వాగు ఉండదు, ఫోన్ ఉండదు, పెద్దయ్య ఉండడు. బయటికి వచ్చాక నా భార్య, "మొహమేంది గట్లుంది?" అంది. చెప్పాను. ఆమె తిట్టలేదు. "గిది నాకెందుకు చెప్తున్నవ్? ఆయనకు చెప్పాలె గద" అని చెప్పులేసుకుని ముందు నడిచింది.

సంత రోజు తెల్లవారుజామున ఖమ్మంలో బస్సెక్కాను. కొత్తగూడెంలో మారి, అడవి దారి మలుపులో దిగి నడిచాను. చప్టా మీద నీళ్లు తేటగా, ఏమీ ఎరగనట్టు పారుతున్నాయి. గడ దగ్గర ఎవరూ లేరు.

పంచాయతీ ఆఫీసు అరుగు మీద జనం కూర్చుని ఉన్నారు. నాకు చోటు దొరికింది చేతికి పట్టీ కట్టుకున్న ఒకామె పక్కన. "ఏం సారువు నువ్వు? బ్యాంకోనివా?" అని అడిగింది. కాదన్నాను, ఇంకేం చెప్పలేదు. పెద్దయ్య ఎదురుగా గోడకు ఆనుకుని నేల వైపు చూస్తున్నాడు. ఎవరో తమ ఆదివాసీ భాషలో ఏదో అన్నారు, కొందరు నవ్వారు. మాట అర్థం కాకపోయినా, సీసా ఎత్తినట్టు బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించడం అర్థమైంది. పెద్దయ్య తల ఎత్తలేదు.

సర్పంచ్ మాట మొదలుపెట్టక ముందే నిలబడ్డాను. అనుకున్న మాటలన్నీ పోయాయి.

"పెద్దయ్య అబద్ధం ఆడలే. తాగలే. నాకు ఫోన్ చేసిండు. పచ్చాకులు వస్తున్నయన్నడు. నేనే లేపుమన్న. ఇనబడలే అని సర్పంచమ్మకు చెప్పింది అబద్ధం."

సర్పంచ్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ బాగా గుర్తుంది. "నాలుగు దినాలైంది సారూ" అంది. అంతే అంది.

వెనక నుంచి ఎవరో, "మరి నీళ్లు తగ్గినయని ఫోన్ల ఎట్లొచ్చింది?" అని అడిగారు. పుల్ల తీసుకుని నేల మీద ఆరు, దాని పక్కన పది రాశాను. పదిలోని సున్నాను అరచేత్తో మూశాను. నా సూత్రం ఇంతే చూస్తుంది, ఒకటిని చూసి ఆరు కంటే చిన్నదనుకుంటుంది, అది అక్షరం కాదు, సంఖ్య అని దానికి చెప్పాల్సింది నేను, చెప్పకుండా వదిలేశాను అన్నాను.

చెయ్యి విరిగినామె వంగి చూసింది. "అంటే నీ మిషన్‌కు పది కంటె ఆరు పెద్దదా?"

"మిషన్ తప్పు కాదమ్మా. నేను రాసిన రాత తప్పు."

"గంత సదువు సదివి?"

"అవ్."

"నా కోడిపెట్టకు సదువు లేదు గని, పది పిల్లలల్ల ఒకటి తక్కువైతె ఇల్లు పీకి పందిరేస్తది!"

అరుగంతా నవ్వింది. నవ్వాలో లేదో తెలియక నిలబడ్డాను. "నవ్వుతరేందే! నా ఆటో చెట్లల్ల వేలాడుతున్నది" అని ఆటో అతను అరిచాడు. నవ్వు ఆగిపోయింది.

అప్పుడు పెద్దయ్య తల ఎత్తాడు. నా వైపు కాదు, ఊరి వైపు చూసి మాట్లాడాడు.

"సారు లేపుమన్నడు. నేను లేపిన. కని పచ్చాకులు నా కండ్ల ముందట వస్తున్నయ్. సూసుకుంట గూడ ఇంకోని మాట ఇన్న. గది నా తప్పు. గడ వేరేటోనికిస్తమంటె ఇయ్యిన్రి. తాగిండన్న మాట మాత్రం ఎనుకకు తీసుకోండ్రి."

తీసుకున్నారు. బొటనవేలు చూపించినతను లేచి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. గడ సంగతికి చర్చ కూడా జరగలేదు. చెయ్యి విరిగినామే తేల్చేసింది. "ఆ గడ కొస పట్టుకునే నేను బతికిన. తాత చేతులనే ఉండనియ్యిన్రి."

పెద్దయ్య ఆ రోజు నాతో మాట్లాడలేదు. నేనూ క్షమించమని అడగలేదు. అడిగితే ఆయన సరే అనాల్సి వస్తుంది, ఆ భారం కూడా ఆయన మీదే పడుతుంది.

ఆ రాత్రి అక్కడే ఉండి మర్నాడు పదిమందితో కలిసి తాళ్లు కట్టి ఆటోను బయటికి లాగాను. కొత్తగూడెం మెకానిక్ దగ్గరికి చేరే దాకా వెంట ఉన్నాను, అది తిరిగి రోడ్డెక్కే ఖర్చు నాదేనని ఆటో అతనికి చెప్పాను. చెయ్యి విరిగినామెను భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయే పని అడిగి తీసుకున్నాను. పట్టీ విప్పే దాకా నాలుగుసార్లు వెళ్లాం. దారిలో ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా, "గిది ఆరు కంటె పెద్దదా సిన్నదా సారూ?" అని అడిగేది. ప్రతిసారీ జవాబు చెప్పాను.

ఆఫీసులో జరిగిందంతా కాగితం మీద రాసిచ్చాను. రెండు నెలలు సూత్రాల పని నా నుంచి తీసేశారు. అది న్యాయమే. నా స్థానంలో వచ్చినతని పక్కన కూర్చుని, గోదావరిది మొదలుకుని నేను రాసిన పాత సూత్రాలన్నీ ఒక్కొక్కటీ తెరిపించి కొటేషన్లు తీయించాను. వచ్చే కబురును ముందు సంఖ్యగా మార్చడం, కబురే రాక ఖాళీ వస్తే దాన్ని భద్రం కాదనే లెక్కలో వేయడం ఇద్దరం కలిసి చేశాం.

ఆ వాగు సూత్రంలో మాత్రం ఇంకో విలువ చేర్చాం. అవును-కాదు రకం విలువ. మట్టం తగ్గినా, సైరన్ ఆగాలన్నా, దాటవచ్చు అని మెసేజ్ పోవాలన్నా, పెద్దయ్య అవును అనాలి. ఆయన ఇంటి గోడకు ఒక మీట పెట్టాం. అది నొక్కే దాకా ఆ విలువ కాదు అనే ఉంటుంది.

మీట బిగించిన రోజు పరీక్ష పెట్టాం. ల్యాప్‌టాప్ ఆయన మంచం మీద పెట్టి, "ఎంత పెట్టమంటవ్ పెద్దయ్యా?" అన్నాను. ఆ ఊరి అరుగు మీద నిలబడిన తర్వాత ఆయనతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే.

"రెండు నిలువులు" అన్నాడు.

ఈసారి ఎన్ని అడుగులని అడగలేదు. ఆయన్ను గోడకు ఆనించి నిలబెట్టి, తల దగ్గర బొగ్గుతో గీత గీసి టేపుతో కొలిచాను. ఐదడుగుల మూడంగుళాలు. రెండు నిలువులంటే పదిన్నర. 10.5 అని పెట్టాను.

సైరన్ మోగింది. కోళ్లు చెల్లాచెదురయ్యాయి, పిల్లలు చెవులు మూసుకున్నారు. తర్వాత మట్టం తగ్గించి మూడు అని పెట్టి, మీట నొక్కమని సైగ చేశాను. పెద్దయ్య కదల్లేదు.

"వాగు సూసొస్త. ఆగు" అని నా చెవి దగ్గర అరిచాడు.

ఇది పరీక్షే, వాగులో ఏమీ లేదు అని చెప్పబోయి ఆగిపోయాను. ఆయన మెల్లగా చప్టా దాకా దిగాడు, వంగి నీళ్లలోంచి ఏదో ఆకు తీసి చూశాడు, పారేశాడు, మెల్లగా ఎక్కాడు. అంతసేపూ చెవులు పగిలిపోతుంటే ఆ గోడ పక్కనే నిలబడ్డాను. ఆయన వచ్చి, చేతులు తుడుచుకుని, మీట నొక్కాడు.